కువైట్‌లో కఫీల్ ఇల్లు వదిలి బయటికొచ్చినవాళ్ళు: డిపోర్టేషన్ దాకా పోకుండా ఇంటికి చేరే దారి, తప్పనప్పుడు కాపాడుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది. రాయచోటి దగ్గరి మీ అక్క ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి, వీసా మీద కువైట్ వెళ్ళింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నెలల తరబడి జీతం ఇవ్వకపోయేసరికి ఇల్లు వదిలి బయటికొచ్చేసింది. పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు తెలిసినవాళ్ళ గదిలో ఉంటూ రెండు మూడు ఇళ్ళలో గంటల లెక్కన పని చేసుకుంటోంది. పోలీసులకు దొరికితే జైలా? మళ్ళీ గల్ఫ్ వెళ్ళే వీలుంటుందా? రావాల్సిన జీతం సంగతేంటి? 400 దినార్లిస్తే ‘ఫింగర్ పడకుండా’, అంటే వేలిముద్రల రికార్డు లేకుండా, పంపిస్తానంటున్న ఏజెంటును నమ్మొచ్చా?

ఏజెంటుకు ఒక్క దినారు కూడా ఇవ్వకండి. ఔట్‌పాస్ అంటే మన ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఒక్కసారి ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది, దాని ఫీజు చాలా తక్కువ. వేలిముద్రలు తీసేదీ, వాటిని కంప్యూటర్‌లో దాచేదీ కువైట్ ఇంటీరియర్ మినిస్ట్రీ. బయటి మనిషి ఎవడూ ఆ రికార్డును చెరపలేడు. పైగా అక్కడ నివాసం ఉన్న విదేశీయులందరి వేలిముద్రలూ, ముఖం వివరాలూ తీసుకునే కార్యక్రమానికి 2024 డిసెంబర్ 31 గడువు పెట్టి మరీ నడిపారు. కాబట్టి ఆ 400 దినార్లు పోయినట్టే లెక్క. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఏజెంటు కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకునే రోజులు.

అసలు విషయానికొస్తే, తనంతట తాను కాగితాలు సరిచేసుకుని రావడానికీ, తనిఖీలో దొరికి పంపించబడటానికీ చాలా తేడా ఉంది. మొదటి దారిలో జీతం అడగొచ్చు, సామాను సర్దుకోవచ్చు, మళ్ళీ వీసా మీద వెళ్ళే అవకాశం కొంతైనా మిగులుతుంది. రెండో దారిలో ఇవన్నీ ఒకే రోజు చేజారిపోతాయి. అందుకే మీ అక్క చేతిలో ఇంకా సమయం ఉన్నప్పుడే కదలాలి.

ముందు ఆమె పరిస్థితి ఏంటో తేల్చుకోండి. ఖల్లివెల్లి అయినవాళ్ళు, అంటే కఫీల్‌ను వదిలి బయట ఉంటున్నవాళ్ళు, అందరి పరిస్థితీ ఒకటి కాదు. కఫీల్ ఇంకా పరారీ కేసు, అక్కడి మాటలో తగయ్యుబ్, పెట్టకపోయి ఉండొచ్చు. పెట్టి ఉంటే అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రద్దయి ఉండొచ్చు. వీటికి తోడు దొంగతనం కేసో, ఫోన్ కంపెనీ బాకీయో, ట్రావెల్ బ్యానో ఉండొచ్చు. ఇది తెలియాలంటే సివిల్ ఐడీ నంబరు కావాలి. కార్డు పోయినా నంబరు గుర్తుంటే చాలు. అందులో 12 అంకెలుంటాయి. 2000కు ముందు పుట్టినవాళ్ళకు 2తో మొదలై, వెంటనే పుట్టిన సంవత్సరం, నెల, తేదీ వస్తాయి. 1985 జూన్ 14న పుట్టిన మనిషికి 2850614తో మొదలవుతుంది. ఆసుపత్రి చీటీల మీద, ఎక్స్‌ఛేంజ్‌లో డబ్బు పంపిన రసీదుల మీద ఈ నంబరు దొరుకుతుంది. మీ ఇంట్లో ఆమె పంపిన పాత కాగితాలు, వాట్సాప్ ఫోటోలు అన్నీ ఒకసారి వెతకండి. కువైట్ ప్రభుత్వ సేవల సహెల్ యాప్ ఆమె ఫోన్‌లో ఇంకా పనిచేస్తుంటే అందులో చూడొచ్చు. లేదంటే ఎంబసీ లేబర్ విభాగం కనుక్కుని చెబుతుంది.

పరారీ కేసు ఇంకా పడకపోతే మీకు మంచి అవకాశం ఉన్నట్టే, ఆలస్యం చేయకండి. ఇంటి పనివాళ్ళ ఫిర్యాదులు చూసే డొమెస్టిక్ లేబర్ విభాగం రుమైథియాలో ఉంది. పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్ అనే ప్రభుత్వ కార్మిక సంస్థ కింద పనిచేస్తుంది. జీతం ఇవ్వలేదని, పాస్‌పోర్ట్ ఆపారని ఆమె ముందుగా అక్కడ ఫిర్యాదు రాయించుకుంటే, తర్వాత కఫీల్ వచ్చి ‘పారిపోయింది’ అన్నా ఆ మాటకు బలం తగ్గుతుంది. ఎవరి ఫిర్యాదు ముందు నమోదైందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. చాలామంది భయంతో ఆ ఆఫీసు గడప తొక్కరు. కఫీల్ మాత్రం మరుసటి రోజే వెళ్ళి కేసు పెట్టేస్తాడు.

కేసు పడిపోయి ఉంటే కఫీల్‌తో మాట్లాడించడమే మొదటి పని. ఆయన కేసు వెనక్కి తీసుకుని వీసా క్యాన్సిల్ చేస్తే డిపోర్టేషన్ లేకుండా మామూలు ప్రయాణికురాలిగా రావొచ్చు. నేరుగా ఆమె ఫోన్ చేస్తే బెదిరింపులే ఎక్కువ. ఎంబసీ వాళ్ళు అరబిక్‌లో ఫోన్ చేస్తే వేరేగా ఉంటుంది. చాలామంది కఫీళ్ళకు కావాల్సింది మనిషిని తెచ్చుకోవడానికి పెట్టిన ఖర్చు. జీతం బాకీ ఉన్న మనిషి ఆ ఖర్చు తిరిగి కట్టాలన్న ఒత్తిడికి వెంటనే తలొగ్గకూడదు. రాతపూర్వకంగా ఏదైనా సంతకం చేసేముందు ఎంబసీలో చదివించుకోవాలి. ‘నాకు రావాల్సినవన్నీ ముట్టాయి’ అని అరబిక్‌లో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి జీతం మొత్తం వదులుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారు.

ఎంబసీకి వెళ్తే పట్టిస్తారన్న భయం అనవసరం. అక్కడ ఇంటి పనివాళ్ళైన ఆడవాళ్ళకు షెల్టర్ ఉంది. కువైట్ ప్రభుత్వం 2014లో జిలీబ్‌లో తెరిచిన షెల్టర్ కూడా ఉంది. దారిలో తనిఖీ ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ళ టాక్సీలో నేరుగా వెళ్ళడం మంచిది. గది ఇచ్చినవాళ్ళ గురించి కూడా ఆలోచించండి. అకామా లేనివాళ్ళకు చోటిచ్చినా, పనిచ్చినా అక్కడ నేరమే. 2025 జనవరి 5 నుంచి అమల్లో ఉన్న కొత్త నివాస చట్టం శిక్షలూ జరిమానాలూ పెంచింది.

ఇప్పుడు ఔట్‌పాస్ ఎక్కడ ఆగుతుందో చెప్తాను, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. పాత పాస్‌పోర్ట్ నంబరు తెలిస్తే ఎంబసీ రికార్డులో చూసి త్వరగానే ఇస్తారు. నంబరు తెలియకపోతే, లేదా పేరు, పుట్టిన తేదీ కలవకపోతే, ఆమె భారతీయురాలేనా అని తేల్చమని జిల్లా పోలీసుల దాకా వెళ్తుంది. అప్పుడు వారాలు పడుతుంది. తేదీలు ఎందుకు కలవవంటే, ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి వెళ్ళేముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సినది) ఉన్న ఆడవాళ్ళు 30 ఏళ్ళు నిండితేగాని గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళకూడదన్న నిబంధన ఉంది. 26 ఏళ్ళ అమ్మాయిని పంపడానికి ఏజెంట్లు వయసు పెంచి పాస్‌పోర్ట్ తీయిస్తారు. ఆధార్‌లో ఒక తేదీ, పాస్‌పోర్ట్‌లో ఒక తేదీ. వెళ్ళేటప్పుడు పట్టించుకోని ఆ తేడా, డిపోర్టేషన్ సెంటర్‌లో ఉన్న మనిషిని రోజుల తరబడి అక్కడే కూర్చోబెడుతుంది. మీ అక్క పాస్‌పోర్ట్‌లో ఉన్న తేదీనే అన్నిచోట్లా చెప్పమనండి. ఎంబసీ వాళ్ళకు మాత్రం ఆధార్‌లో వేరే తేదీ ఉందని ముందే చెప్పేయండి. దాచిపెడితేనే అనుమానం పెరుగుతుంది.

మీరు ఊళ్ళో చేయగలిగిన పని చాలా ఉంది. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల కాపీ, వీసా కాపీ, ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, రెండు ఫోటోలు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు, ఇంటి ప్రాంతం, ఇవన్నీ స్కాన్ చేసి ఒకే ఫైల్‌గా పెట్టుకోండి. ఫైల్ పేరులోనే ఆమె పేరు, పాస్‌పోర్ట్ నంబరు పెట్టండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800113090, ఇండియా నుంచి చేయొచ్చు. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీఎస్‌కు కూడా రాయండి. జాతీయత విచారణ జిల్లాకు వచ్చిందని తెలిస్తే ఎస్పీ ఆఫీసుకు వెళ్ళి అడగండి. చాలాసార్లు ఆ కాగితం ఎవరూ పట్టించుకోక టేబుల్ మీద పడి ఉంటుంది. కుటుంబం వెళ్ళి అడిగితే కదులుతుంది.

ఒకవేళ దొరికిపోతే ఏమవుతుందో కూడా తెలిసుండాలి. ముందు పోలీస్ స్టేషన్, తర్వాత డిపోర్టేషన్ సెంటర్. వేరే నేరం లేకపోతే చాలా కేసులు కోర్టుకు పోవు. పరిపాలనా ఉత్తర్వు మీద పంపేస్తారు, దాని మీద మామూలుగా అప్పీలుకు వీలుండదు. ఎన్ని రోజులు ఉంచుతారన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: ప్రయాణ పత్రం ఉందా, టికెట్ ఎవరు కడుతున్నారు, ఇతర కేసులున్నాయా. టికెట్ బాధ్యత చట్టప్రకారం కఫీల్‌ది, లేదా ఆమెను దొంగచాటుగా పనిలో పెట్టుకున్నవాళ్ళది. వాళ్ళు కట్టకపోతే ఎంబసీలోని ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి అడగొచ్చు. 2009లో మొదలైన ఆ నిధి ఇలాంటి అవసరాల కోసమే ఉంది. విజిట్ వీసా మీద వెళ్ళినా, విదేశాల్లో పనికి వెళ్ళేవాళ్ళ ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్‌లో నమోదు లేకపోయినా అడగడానికి వెనకాడొద్దు.

దొంగతనం కేసు ఉంటే మాత్రం అది తేలేదాకా పంపరు. కొందరు కఫీళ్ళు జీతం ఎగ్గొట్టడానికి బంగారం పోయిందని కేసు పెడతారు. అలాంటప్పుడు తప్పు ఒప్పుకుంటే త్వరగా పంపేస్తారని పక్కవాళ్ళు చెప్పే మాట వినొద్దు. ఒప్పుకుంటే శిక్ష పడుతుంది, తర్వాత డిపోర్టేషన్ కూడా ఉంటుంది. ఎంబసీ ద్వారా లాయరును అడగాలి.

పట్టుబడిన క్షణంలో ఒంటిమీది బట్టలతో వచ్చేస్తారు. గదిలో దాచిన డబ్బు, బంగారం, ఫోన్ ఛార్జర్, బీపీ మాత్రలు అన్నీ అక్కడే. అందుకే ఇప్పుడే ఆమెకు చెప్పండి. చేతిలో డబ్బు పోగేయకుండా ఎప్పటికప్పుడు ఇంటికి పంపమనండి. బంగారం ఉంటే సెలవుకు వచ్చే నమ్మకమైన మనిషితో పంపేయమనండి. బీపీ, షుగర్ ఉంటే మాత్రలూ, డాక్టరు చీటీ ఎప్పుడూ చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్ట్ కాపీ, మీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి లోపల పెట్టుకోవాలి. ఫోన్ తీసేసుకున్నాక నంబరు గుర్తురాక, పది రోజులపాటు ఇంట్లోవాళ్ళకు మనిషి బతికుందో లేదో తెలియని పరిస్థితి వస్తుంది. ఆ బాధ చిన్నది కాదు.

ఇక జీతం. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉంచుకోకూడదు, కాంట్రాక్టు పూర్తయితే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు. కనీస జీతం 60 దినార్లు. పరారీ కేసు పడినంత మాత్రాన అప్పటిదాకా చేసిన పనికి జీతం అడిగే హక్కు పోదు. పోయేది రుజువు. కఫీల్ భార్య పంపిన వాయిస్ మెసేజ్‌లు, ‘వచ్చే నెల ఇస్తాను’ అన్న చాట్, ఇంటికి పంపిన డబ్బు రసీదులు, ఇవి కలిపి చూస్తే ఏ నెల దాకా జీతం అందింది, ఏ నెల నుంచి ఆగింది తెలుస్తుంది. ఆ చాట్‌లను మీ ఫోన్‌కు ఫార్వర్డ్ చేయించుకోండి. ఆమె ఫోన్ పోతే సాక్ష్యం కూడా పోతుంది.

రాకముందే వకాలా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, ఇవ్వగలిగితే కేసు ఆమె లేకుండా కూడా నడుస్తుంది. ఎంబసీలో ఫిర్యాదు నంబరు కూడా తీసుకుని రావాలి. వచ్చేశాక ఇక్కడి నుంచి పంపాలంటే పని పెరుగుతుంది. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆపైన ఢిల్లీలోని కువైట్ ఎంబసీ, ఇలా వరుసగా అటెస్టేషన్లు, అరబిక్ అనువాదం కావాలి. సౌదీ కేసైతే అపోస్టిల్‌తో (ఒక ఒప్పందంలోని దేశాలన్నీ ఒప్పుకునే అటెస్టేషన్) సరిపోతుంది, ఆ దేశం 2022లో ఆ ఒప్పందంలో చేరింది. కంపెనీ వీసా మీదున్నవాళ్ళకు గడువు సంగతి గుర్తుండాలి. కువైట్‌లో, సౌదీలో పని ముగిశాక ఏడాదిలోపు, యూఏఈలో 2024 మార్పు తర్వాత రెండేళ్ళలోపు కేసు వేయాలి. ఊరికొచ్చి నాలుగు నెలలు తేరుకుని, ఆరు నెలలు ఏజెంటు చుట్టూ తిరిగేసరికి ఆ గడువు ముంచుకొస్తుంది.

మళ్ళీ వెళ్ళే విషయం. డిపోర్టేషన్‌లో వేలిముద్రలతో వస్తే కువైట్ తలుపు మూసుకున్నట్టే అనుకోండి. ఇంటీరియర్ మంత్రి ప్రత్యేక అనుమతి ఉంటేనే తిరిగి రానిస్తారు. సౌదీ కూడా డిపోర్ట్ చేసినవాళ్ళను పని వీసా మీద రానివ్వదు, హజ్, ఉమ్రాలకు మాత్రమే వీలు. క్షమాభిక్ష సమయంలో వచ్చేవాళ్ళ సంగతి వేరు. కువైట్‌లో 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 దాకా, 2020 ఏప్రిల్‌లో, 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ప్రకటించారు. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇచ్చింది. ఈ సమయాల్లో జరిమానా లేకుండా వచ్చి, కొత్త వీసా మీద తిరిగి వెళ్ళే వీలుంది. కానీ ఇవి ఏటా వచ్చే పండగలు కావు. ‘ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది’ అని కూర్చుంటే ఈలోపు తనిఖీలో దొరుకుతారు. ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం టికెట్ కూడా తనే కట్టింది. అయినా కరోనా వల్ల ఇండియా విమానాలు ఆపేయడంతో కాగితాలు పూర్తయినవాళ్ళు మే దాకా క్యాంపుల్లోనే పడిగాపులు కాశారు. క్షమాభిక్ష ప్రకటించే నాటికి ఔట్‌పాస్ చేతిలో ఉన్నవాళ్ళు, కేసులు లేనివాళ్ళే అందరికన్నా ముందు బయటపడతారు.

పేరు మార్చి, కొత్త పాస్‌పోర్ట్ తీసి పంపిస్తామనేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు. కువైట్ ఎయిర్‌పోర్ట్‌లో వేలు పెట్టగానే పాత పేరు వస్తుంది, అదే విమానంలో తిప్పి పంపుతారు. ఇక్కడ దిగాక తప్పుడు సమాచారంతో పాస్‌పోర్ట్ తీసినందుకు పాస్‌పోర్ట్ చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడే కేసు. చేసిన అప్పు మీద ఇంకో అప్పు చేరుతుంది, అంతే.

ఔట్‌పాస్ మీద దిగినప్పుడు శంషాబాద్‌లోనైనా, చెన్నైలోనైనా ఇమిగ్రేషన్ వాళ్ళు పక్కన కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఎప్పుడు వెళ్ళావు, ఏ వీసా, పాస్‌పోర్ట్ ఏమైంది. గంటలు పట్టొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంటి నుంచి ఒక మనిషి బయట ఎదురుచూస్తూ ఉంటే చాలా ధైర్యం. ఔట్‌పాస్‌ను వాళ్ళు వెనక్కి తీసుకునేముందే ఫోటో తీసుకోండి, నంబరూ తేదీ తర్వాత కావాలి. ఎందుకంటే కొత్త పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద తిరిగొచ్చారా, డిపోర్ట్ అయ్యారా, ప్రభుత్వ ఖర్చుతో రప్పించారా అని విడివిడిగా అడుగుతారు. ‘లేదు’ అని టిక్ పెట్టించే నెట్ సెంటర్ల మాట వినకండి. అవుననడం వల్ల పాస్‌పోర్ట్ ఆగదు, దాచడం వల్ల ఆగుతుంది. ప్రభుత్వం రప్పించడానికి పెట్టిన ఖర్చు తిరిగి కట్టాల్సి ఉండి కట్టకపోతే పాస్‌పోర్ట్ నిరాకరించే వీలు పాస్‌పోర్ట్ చట్టం 6(2)(హెచ్) సెక్షన్‌లో ఉంది. అందుకే టికెట్ ఎంబసీ ఇస్తుంటే అది సాయమా, తిరిగి చెల్లించాల్సిందా అని సంతకం పెట్టే కాగితంలో చూసుకోవాలి.

ఇంటికి చేరాక అప్పు సంగతి ఎలాగూ వస్తుంది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్షన్నర తెచ్చి ఉంటే వడ్డీయే నెలకు 4,500. అప్పిచ్చినవాళ్ళు ఆమె దిగిన వారంలోనే గుమ్మంలో ఉంటారు. వాళ్ళతో ఆమెను మాట్లాడనివ్వకండి, మీరు మాట్లాడండి. అసలు తగ్గించే పద్ధతిలో గడువు పెట్టుకోండి. పొదుపు సంఘంలో ఆమె పేరు ఇంకా ఉంటే తక్కువ వడ్డీకి లోన్ తీసి పెద్ద వడ్డీది తీర్చడం మేలు.

అప్పుకన్నా ఊరి మాటలు ఎక్కువ కోస్తాయి. ఇల్లు వదిలి బయట ఉన్న ఆడమనిషి అంటే ఏమేమో అంటారు. జీతం ఇవ్వని ఇంట్లోంచి బయటికి రావడంలో ఆమె తప్పు ఏమీ లేదని ఇంట్లోవాళ్ళే ముందు గట్టిగా నిలబడాలి. నిద్ర పట్టకపోవడం, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడటం, పిల్లలతో కూడా మాట్లాడకపోవడం కొన్ని వారాలకు మించి ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అక్కడేం జరిగిందని పదేపదే అడగొద్దు. కొట్టడం, అంతకుమించినవి జరిగి ఉంటే చెప్పడానికి ఆమెకు టైం కావాలి, డాక్టరు దగ్గరికి మాత్రం మొదటి వారంలోనే తీసుకెళ్ళండి. గాయాల కాగితం తర్వాత కేసుకు కూడా పనికొస్తుంది.

ఇది చదివే జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళకు ఒక్క ముక్క. సౌదీలో 2021 మార్చిలో వచ్చిన మార్పులతో కంపెనీ కార్మికులు కొన్ని షరతుల మీద కఫీల్ అనుమతి లేకుండా ఎగ్జిట్ తీసుకోవచ్చు. ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపర్లు, తోటపని వాళ్ళు అందులో లేరు. వాళ్ళకు హురూబ్, అంటే పరారీ కేసు, పడితే దారి పైన చెప్పినట్టే, ముందు ఎంబసీ, తర్వాత తర్హీల్, అంటే డిపోర్టేషన్ సెంటర్. ‘మత్లూబ్’ కేసు, అంటే పోలీసులు వెతుకుతున్న కేసు, ఉంటే అది తీరేదాకా ఎగ్జిట్ రాదు.

పంపిన ఏజెంటును వదలకండి. లైసెన్స్ ఉన్న ఏజెంటైనా కార్మికుల దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. లైసెన్స్ లేకుండా పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం. ఫోన్‌పేలో పంపిన డబ్బు వివరాలు, వీసా పంపిన వాట్సాప్ మెసేజ్, టికెట్ బుక్ చేసినవాళ్ళ పేరు, ఈ మూడూ పెట్టి స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులోనూ ఫిర్యాదు ఇవ్వండి. అక్క అక్కడ ఉండగానే ఇవ్వొచ్చు. ఆమె తిరిగి వచ్చేదాకా ఆగమని ఏజెంటు అంటే, ఈలోపు మాట్లాడి సర్దేద్దామనే. రశీదు తీసుకోకుండా స్టేషన్ నుంచి రాకండి. కఫీల్ పేరు, సివిల్ ఐడీ నంబరు దొరికాక ఇక్కడే రాయండి, మదద్ ఫిర్యాదులో ఏ వరుసలో ఏం రాయాలో చెప్తాను.